చూపు ముసుగు దగ్గరే ఆగిపోతే

ఎండకు కొదవలేని దేశంలో విటమిన్ డి లోపమేమిటని మీలో చాలామంది నన్ను అడుగుతుంటారు. అలా అడిగినవారే బురఖా ధరించిన స్త్రీ ఎదురైతే మాత్రం సమాధానం తమకు తెలిసిపోయినట్లు మాట్లాడతారు.

మొన్న అరకులోయ వారపు సంతకు చోళ్ళు, అల్లం కొనడానికి వెళ్ళాను. (చోళ్ళంటే రాగులే; మా ఉత్తరాంధ్రలో అలాగే అంటాము.) అల్లం రాశి ముందు నల్లని బురఖాలో ఒకామె గొంతుక్కూర్చుని ముక్కలు ఏరుకుంటోంది. కళ్ళు తప్ప మరేమీ కనబడటం లేదు. లేచేటప్పుడు రెండు చేతులూ తొడల మీద ఆన్చి, ఒంటిని మెల్లగా పైకి నెట్టుకుంది. ఆ తరువాత వేసిన నాలుగడుగులూ బాతునడకే. నా పక్కనున్న పెద్దమనిషి, "అంత నలుపు కప్పుకుంటే ఎండెక్కడ తగులుతుందండీ, డాక్టరుగారూ!" అన్నారు.

ఆ మాటలో సగం నిజముంది. అతినీలలోహిత కిరణాలలో 'బి' రకం సోకితేనే చర్మంలో విటమిన్ డి తయారవుతుంది. దట్టమైన వస్త్రం వాటిని ఆపుతుంది. ఎండలు మండే అరబ్బు దేశాలలో సైతం నిండుగా కప్పుకునే స్త్రీలలో ఈ లోపం ఎక్కువని పరిశోధనలు చూపాయి. మిగిలిన సగం కోసం మనం తిరుపతి వెళ్ళాలి. 2000ల తొలి దశకంలో అక్కడి స్విమ్స్ వైద్యులు చుట్టుపక్కల పల్లెవాసులనూ పట్టణవాసులనూ పరీక్షించగా ఇరువురిలోనూ లోపం విస్తారంగా బయటపడింది. పొలం పనివారు కొంత మెరుగు, అంతే. ఆహారంలో కాల్షియం తక్కువ కావడం, ధాన్యాలలోని ఫైటేట్లు ఉన్న కాల్షియాన్ని కూడా పట్టి ఉంచడం దానికి తోడయ్యాయి. వీరిని బురఖా ధరించినవారి నుంచి ఏరి తెచ్చింది కాదు.

విశాఖపట్నంలో స్కూటరు మీద వెళ్ళే ఆడపిల్లలను గమనించారా? ముఖానికి చున్నీ, మోచేతుల దాకా తొడుగులు, కళ్ళకు నల్లద్దాలు. వారి ఎముకల సంగతి ఎవరూ అడగరు. అంతదాకా ఎందుకు, సంతలో ఆమెకు అల్లం తూచి ఇచ్చిన గిరిజన స్త్రీ నెత్తిన కావలసినంత ఎండ. అయినా ఆమె పెదవులు పాలిపోయి ఉన్నాయి. రక్తహీనత, సికిల్‌సెల్ వ్యాధి ఉన్న ఈ ఏజెన్సీలో ఆ పాలిపోవడం గురించి పెద్దమనిషికి ఒక్క ప్రశ్న కూడా తట్టలేదు.

నేను ఆ బురఖా స్త్రీని పలకరించలేదు. సంత నడుమ, అడగని మనిషికి రోగనిర్ణయం చేయడం వైద్యం కాదు. తొడలు పట్టుకుని లేవడానికి మోకాళ్ళ అరుగుదల, థైరాయిడ్, వెన్నుపూస, ఇలా కారణాలు అనేకం. తేల్చుకోవడానికి ముసుగు తీయనక్కరలేదు. మోచేతి దగ్గర తీసే కొద్దిపాటి రక్తం చాలు. నా సర్వీసులో నేను చూసిన అసలు అడ్డంకి వేరు: ఆమెకు బదులు వెంట వచ్చిన మగవాడు బాధ చెప్పడం. అది అన్ని మతాల ఇళ్ళలోనూ ఉన్నదే. ఒక నర్సమ్మ, ఒక తెర ఉంటే చాలామంది తమంతట తామే మాట్లాడేవారు.

మీ ఇంట్లో అలా లేచే స్త్రీ ఉంటే పరీక్ష చేయించండి. లేత ఎండ ఒంటికి హాయే గాని విటమిన్ డికి పెద్దగా పనికిరాదు. మీ నీడ మీ ఎత్తుకంటే పొట్టిగా ఉండే వేళ కావాలి. గాజు కిటికీ వెనుక కూర్చుంటే ఫలితం లేదు. పరదా పాటించేవారికి గోడలున్న పెరడో, ఎవరి కంటా పడని డాబానో చాలు. చేతులు, కాళ్ళు, ముఖం కాసేపు ఎండకు వదిలితే సరి. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పెద్దలకు రోజుకు కావలసింది 1000. అంబలి మానకండి. ఇక 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు డాక్టరు రాస్తేనే వాడండి. అవి సాధారణంగా వారానికొకటి, కొద్ది వారాలు మాత్రమే. బలం కోసమని రోజూ తాగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు పట్టుకుంటాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.