సోభూజా రాజు: 82 ఏళ్ల ఏలుబడిపై మా మాట

చరిత్రలో లెక్క తేలిన రాజుల్లో ఎక్కువ కాలం ఏలినది ఎవరంటే, స్వాజిలాండ్ రాజు రెండవ సోభూజా అని బిట్టుగా బట్టీ పట్టేస్తాం. కానీ ఆ 82 ఏళ్లు ఒక బిట్టులో పట్టేవి కావు.

స్వాజిలాండ్ (2018 నుంచి ఎస్వతీని) దక్షిణాఫ్రికా పక్కనున్న చిన్న దేశం. 1899 జూలైలో పుట్టిన సోభూజా, అదే డిసెంబరులో తండ్రి చనిపోవడంతో ఉయ్యాలలోనే రాజయ్యాడు. పాలన చూసింది నాయనమ్మ లబోత్సిబేని. అప్పటికే తాతగారి కాలంలో తెల్లవాళ్లు మేత భూములు, గనులు కాగితాల మీద రాయించుకున్నారు. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం నేలను పంచి, స్వాజీలకు మూడో వంతే మిగిల్చింది. తెల్లవాళ్ల బలం డబ్బులో, పుస్తకాల్లో ఉందని ఆ అవ్వ నమ్మింది. మనవడి కోసం బడి పెట్టించింది. తర్వాత దక్షిణాఫ్రికాలోని లవ్‌డేల్‌కు పంపింది. రాజైనా మనలాగే ఇల్లు వదిలి చదవాల్సి వచ్చింది! గనుల్లో కూలికి వెళ్లిన వాళ్ల డబ్బుతో పోయిన భూములు తిరిగి కొనే పని మొదలుపెట్టింది. ఈ కథలో అసలు పెద్దమనిషి ఆమేనని మా అభిప్రాయం.

1921లో పగ్గాలు పట్టిన సోభూజా, 1922లో లండన్ బయలుదేరి మొరపెట్టుకున్నాడు. దావా వేసి, 1926లో ప్రివీ కౌన్సిల్‌లో ఓడిపోయాడు. (ఆ రోజుల్లో మన దేశపు వ్యాజ్యాలూ చివరకు ఆ గుమ్మానికే వెళ్లేవి.) అయినా కొనుగోళ్లు ఆపలేదు. 1968 సెప్టెంబరు 6న స్వాతంత్ర్యం వచ్చేనాటికి సగానికి పైగా నేల స్వాజీలకు దక్కింది.

ఇంతవరకు మేమూ చప్పట్లు కొడతాం. 1972 ఎన్నికల్లో ప్రతిపక్షం 24 స్థానాల్లో 3 గెలిచింది. మూడంటే మూడు! అదీ సహించలేకపోయారు. గెలిచిన వారిలో ఒకరిని పరదేశి అంటూ వెళ్లగొట్టబోతే కోర్టు అడ్డుపడింది. 1973 ఏప్రిల్ 12న రాజు ఏకంగా రాజ్యాంగాన్నే రద్దు చేశాడు. పార్టీలను నిషేధించాడు. విచారణ లేకుండా 60 రోజులు నిర్బంధించే అధికారం తెచ్చాడు. న్యాయం కోసం సముద్రం దాటి వెళ్లిన మనిషి, సొంత గడ్డమీద కోర్టు చెప్పిన మాట వినలేకపోయాడు. పరాయి పద్ధతి మనకు సరిపడదని ఆయన వాదన. దేశం ప్రశాంతంగా ఉంది కదా అనేవారూ ఉన్నారు. నోరు మూయించి తెచ్చిన ప్రశాంతతను మేం ఒప్పుకోం.

తిరిగొచ్చిన నేల సంగతీ అంతే. దున్నేవాడికి పట్టా రాలేదు. భూమి రాజు చేతిలో ఉంటే, ఊరిపెద్ద ద్వారా సాగుకు దొరికేది. ఊరిపెద్దతో మాట పడకపోతే ఏమవుతుందో పల్లెల నుంచి వచ్చిన మనకు ఒకరు చెప్పాలా?

1982 ఆగస్టు 21న సోభూజా కన్నుమూశాడు. 1986 నుంచి ఆయన కొడుకు మూడవ మస్వాతి ఏలుతున్నాడు. 2005లో కొత్త రాజ్యాంగం వచ్చినా, పార్టీ పేరున ఎన్నికల్లో నిలబడే వీలు అక్కడ ఇప్పటికీ లేదు.