ఓటు క్యూలో దాహం

అమెరికాలో జార్జియా అనే రాష్ట్రం ఉంది. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టింది అక్కడే. ఆ రాష్ట్రంలో 2021లో ఎన్నికల చట్టం ఒకటి చేశారు. ఓటు వేయడానికి వరసలో నిలబడ్డవాళ్ళకు బయటివాళ్ళెవరూ తిండిగానీ మంచినీళ్ళుగానీ ఇవ్వగూడదట. పోలింగు జరిగే బిల్డింగుకు 150 అడుగుల లోపల ఇస్తే నేరం. కేసు పెట్టొచ్చు, జైలూ పడొచ్చు.

నీళ్ళిచ్చే నెపంతో ఓట్లు అడుగుతారని, అందుకే ఈ చట్టమని, చేసినవాళ్ళు చెప్పారు. ఓటుకింత అని నోట్లు, మందు సీసాలు పంచడం కళ్ళారా చూసినవాళ్ళం గనక ఒక్క నిమిషం సబబే అనిపిస్తుంది. కానీ అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఓటు వేసే మనిషి దాహమయ్యేంతసేపు, ఆకలయ్యేంతసేపు ఎందుకు నిలబడాలి? ఆ వరస ఎవరి పేటలో పొడుగు, ఎవరి పేటలో పొట్టి?

2018 ఎన్నికల మీద బ్రెన్నన్ సెంటర్ అనే సంస్థ పరిశీలన చేసింది. తెల్లవాళ్ళకంటే నల్లవాళ్ళు సగటున 45 శాతం ఎక్కువసేపు వరసలో నిలబడ్డారని తేల్చింది. దీనికి తోడు అక్కడ ఎన్నిక మంగళవారం జరుగుతుంది. 1845లో చేసిన చట్టం ప్రకారం నవంబరులో మొదటి సోమవారం తరవాత వచ్చే మంగళవారం. దేశమంతటికీ సెలవు లేదు. మన దేశంలో పోలింగు రోజు కూలితో కూడిన సెలవు ఇవ్వాలని చట్టంలో రాసి ఉంది, ఇస్తున్నారా లేదా అనేది వేరే సంగతి. అక్కడ చాలాచోట్ల ఆ రాతా లేదు. కేంద్రం పెట్టిన కనీస కూలి గంటకు ఏడుంబావు డాలర్లు. 2009లో పెట్టిన రేటు, ఇప్పటికీ పైసా పెరగలేదు. ఆ కూలి మీద బతికే మనిషి మూడు గంటలు వరసలో నిలబడితే మూడు గంటల కూలి పోయినట్టే. ఇది ఓటుకు కట్టే పన్ను కాకపోతే మరేమిటి?

మేము అమెరికా వార్తలు రోజూ చదువుతాం. "మన వాడకు తాగునీళ్ళు లేవు, మీకు అమెరికా గొడవెందుకండీ" అని మిత్రులు అడుగుతుంటారు. అంబేద్కర్‌కు ఎందుకు పట్టింది? 1946లో ఆయన పనిగట్టుకుని అమెరికాలోని డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న విజ్ఞప్తి ప్రతులు పంపమని అడిగాడు. వాళ్ళ బతుకూ మన బతుకూ ఒకదాన్నొకటి పోలి ఉన్నాయని, ఆ సంగతి చదవడం మనకు అవసరమని ఆయన అభిప్రాయం. చదివితే మనకు పనికొచ్చేది దొరుకుతుంది. ఈసారి దొరికింది ఓటు సంగతి.

అమెరికాలో నల్లవాళ్ళకు ఓటుహక్కు 1870లోనే రాజ్యాంగంలోకి ఎక్కింది. రంగును బట్టి ఓటు తీసేయగూడదని రాశారు. దొరలు ఆ రాతను కొట్టెయ్యలేదు. దాని పక్కన చిన్న చిన్న నిబంధనలు రాసుకున్నారు. ఓటు వేయాలంటే పన్ను కట్టాలి. చదవడం రావాలి. రాజ్యాంగంలో ఒక పేరా ఇస్తే అర్థం చెప్పాలి. ఆ అర్థం సరైందో కాదో తేల్చేది తెల్ల గుమస్తా. నల్లవాడికి ఓటు లేదని ఎక్కడా రాయలేదు, చూడండి. లూసియానా రాష్ట్రంలో 1896లో లక్షా ముప్పై వేలమంది నల్ల ఓటర్లుంటే 1904 నాటికి మిగిలింది 1,342 మంది. కర్ర ఎత్తకుండానే అంతమందిని తుడిచేశారనడం కూడా తప్పే, కర్ర ఎప్పుడూ పక్కనే ఉంది. చెట్టుకు వేసిన ఉరితాడూ ఉంది.

ఫానీ లూ హేమర్ గురించి మన వాడల్లో చెప్పుకోవాలి. మిసిసిపీ రాష్ట్రంలో పత్తి కూలీల ఇంట పుట్టింది. ఇరవైమంది పిల్లల్లో ఆఖరిది. ఆరేళ్ళకే పత్తి తీయడానికి చేలో దిగింది. మన ఆడకూతుళ్ళలాగే. తెల్లదొర పొలంలో పాలుకు చేస్తూ 18 ఏళ్ళు బతికారు ఆమే, భర్తా. నల్లవాళ్ళకు ఓటుంటుందనే సంగతి ఆమెకు నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. చర్చిలో జరిగిన మీటింగులో విన్నది. 1962 ఆగస్టు 31న మరో 17 మందితో కలిసి బస్సెక్కి పేరు రాయించుకోవడానికి పట్నం పోయింది. రాజ్యాంగంలో ఒక భాగానికి అర్థం చెప్పమన్నారు. చెప్పలేకపోయింది. తిరిగొచ్చేటప్పుడు పోలీసులు బస్సాపి జుర్మానా వేశారు. ఎందుకయ్యా అంటే బస్సు రంగు మరీ పసుపట, స్కూలు బస్సులా ఉందట! నవ్వొస్తుంది గానీ, మన ఊళ్ళో పెళ్ళికొడుకు గుర్రమెక్కితే రోడ్డుకు అడ్డమని కేసు పెట్టే పోలీసు ఇంతకంటే మెరుగా?

ఇల్లు చేరేసరికి దొర వచ్చి నిలబడ్డాడు. పేరు వెనక్కి తీసుకో, లేదా పొలం వదిలి పో అన్నాడు. నేను పోయింది నీకోసం కాదు, నాకోసం అని ఆమె చెప్పింది. ఆ రాత్రే ఇల్లు వదలాల్సి వచ్చింది. తలదాచుకున్న ఇంటిమీద తుపాకీ కాల్పులు జరిగాయి. మరుసటేడు జూన్‌లో వినోనా అనే ఊళ్ళో అరెస్టు చేసి జైల్లో చావగొట్టారు. ఆ కొట్టడం తెల్ల పోలీసులు తమ చేతులతో మొదలుపెట్టలేదు. జైల్లో ఉన్న నల్ల ఖైదీల చేతికి లాఠీ ఇచ్చి కొట్టించారు. మనవాడితో మనవాణ్ణి కొట్టించే విద్య ఏ దేశంలోనైనా ఒకటే. ఆ దెబ్బలతో ఆమె ఆరోగ్యం జీవితాంతం కోలుకోలేదు. 1964లో డెమోక్రటిక్ పార్టీ మహాసభలో ఆమె ఈ సంగతులన్నీ చెబుతుంటే టీవీలు చూపిస్తున్నాయి. అధ్యక్షుడు జాన్సన్ అదే సమయానికి విలేకరులను పిలిచాడు, కెమెరాలు తనవైపు తిరగాలని. అదే జాన్సన్ మరుసటేడు ఆగస్టు 6న ఓటుహక్కుల చట్టం మీద సంతకం పెట్టాడు. మధ్యలో ఏం జరిగిందంటే సెల్మా జరిగింది. జిమ్మీ లీ జాక్సన్ అనే యువకుణ్ణి పోలీసు కాల్చి చంపాడు. 1965 మార్చి 7న వంతెన దాటుతున్న ఆరువందల మందిని గుర్రాలతో తొక్కించారు, లాఠీలతో కొట్టారు. జాన్ లూయిస్ తల పగిలింది. మనసు మారి సంతకాలు పెట్టే పాలకులు మాకెక్కడా కనబడలేదు.

ఆ చట్టంలో ఒక మెలిక ఉంది. మన కార్యకర్తలు శ్రద్ధగా చూడాల్సింది దాన్ని. ఓటు విషయంలో పాతనేరస్తులైన రాష్ట్రాలు, జిల్లాలు ఏ చిన్న మార్పు చేయాలన్నా, పోలింగు స్టేషను ఒక వీధి నుంచి ఇంకో వీధికి మార్చాలన్నా సరే, ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలి. ఈ మార్పువల్ల నల్లవాళ్ళకు నష్టం లేదని మార్చేవాడే రుజువు చేసుకోవాలి. అంటే దెబ్బ తిన్నవాడు లాయరును వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదు. కొట్టేవాడే ముందుగా వచ్చి చెయ్యి చూపించాలి. మిసిసిపీలో 1964లో నల్లవాళ్ళలో వందకు ఏడుగురికి కూడా ఓటు లేదు. 1967 నాటికి అరవైమంది దాకా ఓటర్లయ్యారు.

2013 జూన్ 25న అమెరికా సుప్రీంకోర్టు ఆ మెలికను విప్పేసింది. షెల్బీ కౌంటీ కేసు. తొమ్మిదిమంది జడ్జీల్లో అయిదుగురు అటు, నలుగురు ఇటు. చట్టం మొత్తాన్ని కొట్టెయ్యలేదు, ఏ రాష్ట్రాలు అనుమతి తీసుకోవాలో చెప్పే లెక్క పాతబడిపోయిందన్నారు. లెక్క పోతే అనుమతి అడిగేదెవరిని? రోజులు మారాయి, ఇప్పుడలాంటి వివక్ష లేదు అన్నారు. ఈ మాట మనమెక్కడ వినలేదు! జడ్జి గిన్స్‌బర్గ్ ఒప్పుకోలేదు. వానలో నిలబడి, ఒళ్ళు తడవడం లేదు గదా అని గొడుగు పారేసినట్టుందని ఆమె రాసింది. వైట్‌హౌస్‌లో అప్పుడు కూర్చున్నది నల్ల అధ్యక్షుడే. ఆయన బాధపడ్డాడు. అంతకంటే ఏం చేయగలిగాడు?

తీర్పు వచ్చిన రోజే టెక్సాస్ తన కొత్త గుర్తింపుకార్డు చట్టం అమల్లోకి వచ్చిందని ప్రకటించింది. తుపాకీ లైసెన్సు చూపిస్తే ఓటు వేయొచ్చు, కాలేజీ కార్డు చూపిస్తే వేయగూడదు. నార్త్ కరోలినా చేసిన చట్టాన్ని 2016లో పైకోర్టు కొట్టేస్తూ, నల్ల ఓటర్లను సర్జరీ కత్తితో కోసినంత కచ్చితంగా గురిచూసి చేశారని చెప్పింది. కానీ ఆ మాట చెప్పేసరికి చట్టం పుట్టి మూడేళ్ళయింది. మధ్యలో ఎన్నికా జరిగిపోయింది. పాత చట్టం కింద అనుమతి తీసుకోవాల్సిన ప్రాంతాల్లో 2012కూ 2018కీ మధ్య 1,688 పోలింగు స్టేషన్లు ఎత్తేశారు. ఒక్క టెక్సాస్‌లోనే 750. ఎందుకంటే ఖర్చు తగ్గించడానికట. వరసలు పొడుగయ్యింది ఇట్లా. వరస పొడుగయ్యాక నీళ్ళివ్వగూడదని చట్టం.

ఫ్లోరిడా సంగతి ఇంకా విడ్డూరం. శిక్ష పూర్తయిన ఖైదీలకు ఓటు తిరిగివ్వాలని 2018లో జనమే ఓటేసి గెలిపించారు, నూటికి అరవైనాలుగు మందికి పైగా. మరుసటేడే శాసనసభ, కోర్టు జుర్మానాలు, ఫీజులు అణాపైసలతో కట్టాకే ఓటు అని చట్టం చేసింది. ఎంత బాకీ ఉందో చెప్పే ఒక్క లెక్కల పుస్తకం కూడా ప్రభుత్వం దగ్గర లేదు. మన పరిస్థితీ గొప్పగా లేదు. మన దగ్గర విడుదలైన మనిషికి ఓటుంది గానీ, జైల్లో ఉన్నంతకాలం నేరం రుజువు కానివాడికీ ఓటు లేదు. ఆ విచారణ ఖైదీల్లో మనవాళ్ళెంతమందో జైలు గేటు ముందు ములాఖత్ కోసం నిలబడ్డ తల్లులను అడిగితే చెబుతారు.

పోయిన మెలికను తిరిగి తేవడానికి జాన్ లూయిస్ పేరుతో బిల్లు పెట్టారు. కింది సభ 2021లో ఒప్పుకుంది. 2022 జనవరిలో సెనేటులో ఆగిపోయింది. అక్కడ చర్చ ముగించాలంటేనే వందలో అరవై ఓట్లు కావాలి. ఆ నిబంధన మార్చడానికి డెమోక్రాట్లలోనే ఇద్దరు ఒప్పుకోలేదు. నల్లవాళ్ళ ఓట్లతో గెలిచిన పార్టీ, నల్లవాళ్ళ ఓటును కాపాడలేకపోయింది.

ఇక్కడ మన అనుభవం ఒకటి చెప్పుకోవాలి. 2018 మార్చి 20న మన సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టానికి ఇలాగే మెలిక విప్పింది. కేసు కట్టేముందు విచారణ అంది, అరెస్టుకు అనుమతి అంది. అప్పుడు మనకూ రాష్ట్రపతి దళితుడే. ఏప్రిల్ 2న దేశమంతా దళితులు రోడ్డు మీదికొచ్చారు. ఉత్తరాదిన ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి పాత పదును తిరిగిపెట్టింది. నాలుగు నెలల్లో. అమెరికా పార్లమెంటు ఇన్నేళ్ళలో చేయలేని పని అది. చుండూరు కేసులో 2007లో పడిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసిన సంగతి మరిచి మేమీ మాట అనడం లేదు. పదును తిరిగి పెట్టించుకున్న చట్టం కూడా కోర్టు మెట్ల దగ్గర మొద్దుబారుతుంది. అయినా ఏప్రిల్ 2 మనది.

అమెరికా పోయిన మన తెలుగువాళ్ళకూ ఈ కథతో సంబంధం ఉంది. ఆసియావాళ్ళకు తలుపు తెరిచిన వలసచట్టం వచ్చింది 1965 అక్టోబరులో, ఓటుహక్కుల చట్టం తరవాత రెండు నెలలకు. నల్లవాళ్ళు తలలు పగలగొట్టించుకుని గాలి మార్చకపోతే ఆ తలుపు తెరుచుకునేదా? ఆ తలుపులోంచి పోయినవాళ్ళలో కొందరు కులాన్ని కూడా సూట్‌కేసులో పెట్టుకుపోయారు. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ బిల్లు పాస్ చేస్తే కొన్ని హిందూ సంఘాలు వద్దని గొడవ చేశాయి. గవర్నరు న్యూసమ్ సంతకం పెట్టకుండా తిప్పి పంపాడు. ఆయన కూడా ప్రగతిశీల నాయకుడే!

నీళ్ళ సంగతికొస్తే, బిందె పైకెత్తిన మున్నంగి సువార్త మనకు గుర్తుంది. 1985లో కారంచేడు చెరువు దగ్గర మొదలైంది తాగే నీళ్ళ గురించే. ఓటు విషయంలో మాత్రం, మనకు ఊరికి రెండు కిలోమీటర్లలోపు బూతు ఉంది, సెలవుంది, ఎన్నికల కమిషన్ ఉంది అని నిశ్చింతగా కూర్చోవడానికి లేదు. 2018 డిసెంబరులో తెలంగాణ పోలింగు రోజు కార్డు చేతిలో ఉండి జాబితాలో పేరు లేక వెనక్కిపోయినవాళ్ళెందరో. 2019లో ఆంధ్రలో ఊళ్ళకు ఊళ్ళ పేర్లు తీసెయ్యమని ఫారం 7లు కుప్పలు కుప్పలుగా పడ్డాయి, సంతకం చేసినట్టున్న మనిషికే తెలియకుండా. 2025లో బీహారులో జాబితా కొత్తగా రాస్తూ ముసాయిదాలో 65 లక్షల పేర్లు వదిలేశారు. వాటిలో 36 లక్షలు ఊరు వదిలిపోయారనో, కనబడలేదనో. పేర్లూ కారణాలూ బయటపెట్టమని సుప్రీంకోర్టు చెప్పాకగానీ పెట్టలేదు. ఊరు వదిలిపోయేది ఎవరు? పాలమూరు నుంచి మట్టిపనికి పోయేవాడు, ఇటుకబట్టీకి పోయే కుటుంబం, పత్తి ఏరడానికి జిల్లాలు దాటే ఆడవాళ్ళు. ఇంటికి తాళం కనబడితే చాలు, గుమస్తా కలం కొట్టివేతకు సిద్ధం.

కాబట్టి సంఘాలకు మా మనవి. ఎన్నికలు వచ్చేదాకా ఆగొద్దు. బూతు అధికారి దగ్గర మీ వాడ జాబితా తీసుకోండి. ఒక సాయంత్రం పనినుంచి అందరూ వచ్చాక, చదువుకున్న పిల్లవాడి చేత ఒక్కొక్క పేరూ గట్టిగా చదివించండి. వలస పోయినవాళ్ళ పేర్లు వాళ్ళ ఇంటివాళ్ళు చూసుకోవాలి. పేరు లేకపోతే ఫారం 6 అక్కడే నింపండి. ఎవరిమీదైనా ఫారం 7 పడి ఉంటే, పెట్టిందెవరో అడగండి, నోటీసు ఇచ్చారా అని అడగండి, జవాబు రాతలో తీసుకోండి. ఎన్ని పేర్లు చదివారు, ఎన్ని పోయాయి, ఏం కారణం చెప్పారు, ఒక కాగితం మీద రాసి మాకు పంపండి. వాడల పేర్లతో సహా వచ్చే సంచికల్లో వేస్తాం.