పాత పైపు

సాలువాలో పాతసామాన్లవాని వద్ద మా నాన్నగారొక పొగాకు పైపు చవకగా కొన్నారు. ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు; పాడైనదానిని పారవేయుట ఎరుగరు. గిన్నెలోని మసిని మొండిచాకుతో గీకి, రూపాయిబిళ్ళ మందాన మిగిల్చారు. బ్రయర్ కొయ్యను కాలకుండ కాచేది ఆ పొరయే. కంపు పోవడానికి ఉప్పు నింపుమంటారు కొందరు. దానితో కొయ్య బీటలువారవచ్చు. ఘాటైన రమ్ములో తడిపిన దూదిని రాత్రంతా ఉంచితే చాలు. రంగుల దుకాణపు స్పిరిట్ మాత్రం కూడదు, అందులో విషం కలుపుతారు. ఎండకు గంధకం పైకి తేలి పచ్చబడిన ఎబొనైటు కాడను తడి ఎమెరీ కాగితంతోను, పిదప పళ్ళపొడితోను రుద్దారు.

తొలిసారి కాల్చి పెట్టగానే, చల్లారనీయక నేను కాడ లాగాను. మొన విరిగింది. నాన్నగారు పల్లెత్తు మాట అనలేదు. విరిగినచోట తొలిచి ఇత్తడి గొట్టపు తునక బిగించారు. చూపు మందగించక మునుపు ఆయన చేసిన ఆఖరి పని అది.