రెండు హైవేల నడుమ కొత్తపేట దారి

కోనసీమ తలాపున 16వ నంబరు జాతీయ రహదారి, సముద్రం వైపు 216. చెన్నై–కోల్‌కతా లారీలు సిద్ధాంతం దగ్గర గోదావరి పాయ వసిష్ఠను, జొన్నాడ దగ్గర మరో పాయ గౌతమిని దాటే నడుమ రావులపాలెంను పలకరించి పోతాయి. కత్తిపూడిలో విడిపోయిన 216 ఎదుర్లంక, అమలాపురం, రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటి, ఎక్కడో ఒంగోలులో మళ్లీ 16లోనే కలుస్తుంది. ఈ రెంటినీ కోనసీమ గుండా కలిపేది రావులపాలెం–కొత్తపేట–అమలాపురం రోడ్డు. దాన్ని నాలుగు వరుసలు చేయాల్సిందే.

దారి బాగుంటే ఏం ఒరుగుతుందో ఎదుర్లంక చెబుతుంది. అక్కడ గౌతమిపై బాలయోగి వారధి రాకముందు కాకినాడ వెళ్లాలంటే యానాం వెళ్లే పంటు కోసం రేవులో కాచుకోవాలి, లేదా రావులపాలెం చుట్టు తిరగాలి. వారధి వచ్చాక ఆసుపత్రికైనా, కాలేజీకైనా పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరుతున్నారు.

ఈ దారిన పోయే అరటి గెలకు ఓపిక లేదు. కోసిన గంట నుంచే దాని ధర కరగడం మొదలవుతుంది. లంకల్లో కోసిన కర్పూర, చక్కెరకేళి గెలలు రావులపాలెం యార్డుకు ఆలస్యంగా చేరితే, బేరమాడే బలం రైతు చేతిలోంచి వ్యాపారి చేతిలోకి జారుతుంది. అంబాజీపేట కొబ్బరి నిలవుంటుంది నిజమే. కానీ లారీ కిరాయి పెరిగినప్పుడల్లా ఆ భారం తిరిగి తిరిగి కాయ దింపు దగ్గరే, రైతు లెక్కలోనే పడుతుంది.

అయితే ఒక షరతు. ఇది డెల్టా. రోడ్డు ఎత్తు పెంచి తూములు మరిచిపోతే అది రహదారి కాదు, అడ్డుకట్ట. 2011లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించడానికి గిట్టుబాటు ధర లేకపోవడంతో పాటు మురుగు పోయే దారి లేక చేలు మునగడమూ కారణమే. అందుకే కల్వర్టుల కొలతలు ఇంజినీర్లు ఆఫీసుల్లో కాదు, ఆయకట్టు రైతుల ఎదుట, వానాకాలంలో తేల్చాలి. రోడ్డు వెడల్పులో కొబ్బరిచెట్టు పోగొట్టుకునేవారికి పరిహారం నేల విలువతో సరిపెట్టకూడదు. కాపు కాసే ఏళ్లను లెక్కగట్టాలి.

సఖినేటిపల్లి–నరసాపురం రేవునూ ఈ లెక్కలోంచి తీసేయొద్దు. వరదొస్తే పంటు ఆగుతుంది, ఎదురుగా కనిపించే ఊరికి చించినాడ చుట్టు తప్పదు. ఎన్నికల ముందు కొబ్బరికాయ కొట్టి వెళ్లేవారిని కోనసీమ చాలామందినే చూసింది. ఆ కాయలకు ఇక్కడ కొదవ లేదు. ఈసారి టెండరు తేదీతో రండి.