చిల్లు కుండలో చల్లదనం

మే నెలలో గోలేటి ఎండ ఎలా ఉంటుందో ఈ బొగ్గు గనుల ప్రాంతంలో బతికినవారికి వేరే చెప్పనక్కరలేదు. కారు అద్దాలు దించితే ఓపెన్‌కాస్టు దుమ్ము, ఎక్కిస్తే ఉక్క. కాబట్టి ఇక్కడ కారులో ఏసీ విలాసం అంటే నేను ఒప్పుకోను. నా ఫిర్యాదు ఏసీ మీద కాదు, దానికి మనం చేయిస్తున్న వైద్యం మీద.

వరుసగా మూడు వేసవులు నేను ఒకే పని చేశాను. గాలి చల్లగా రావడం లేదని దుకాణానికి వెళ్ళడం, "గ్యాసు తగ్గింది సార్, నింపితే సరిపోతుంది" అనిపించుకోవడం, డబ్బిచ్చి హాయిగా ఇంటికి రావడం. మూడో ఏడు నెల తిరగకుండానే మళ్ళీ వేడిగాలి మొదలయ్యింది. అప్పుడు గానీ నాకు అడగవలసిన ప్రశ్న తట్టలేదు: తగ్గిన గ్యాసు ఎక్కడికి పోయినట్టు?

పెట్రోలులా ఈ గ్యాసు ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది. రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో అది వేడిని బయటకు వదిలి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు దాటి ఎవాపరేటర్‌లో ఆవిరవుతూ కారు లోపలి వేడిని పీల్చుకుంటుంది. తిరిగి కంప్రెసర్‌కే చేరుతుంది. ఇది మూసి ఉన్న వలయం. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా జారిపోవడం సహజమే గానీ, ఏటా నింపవలసి వస్తోందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. చిల్లు పూడ్చకుండా కుండలో నీళ్ళు పోయడాన్ని మరమ్మతు అనలేం.

అసలు చల్లదనం తగ్గిన ప్రతిసారీ గ్యాసే కారణమనుకోవడం కూడా పొరపాటు. కారు పరుగెడుతున్నప్పుడు చల్లగా ఉండి, ఆగినప్పుడు వేడెక్కితే కండెన్సర్ ఫ్యానునో, దాని రెక్కల మధ్య పేరుకున్న దుమ్మునో ముందు అనుమానించాలి. మన ప్రాంతంలో ఈ రెండోది మరీ సహజం. గాలి చల్లగానే ఉన్నా జోరు తగ్గితే క్యాబిన్ ఫిల్టర్ చూడాలి. దుమ్ము పట్టిన కండెన్సర్ వేడిని వదలలేక పీడనం పెరిగిపోతే, అందులో మరింత గ్యాసు ఎక్కించడం రోగాన్ని ముదరబెట్టడమే.

చివరకు వేరొక మెకానిక్ నైట్రోజన్ ఎక్కించి, అతుకుల మీద సబ్బు నీళ్ళు పూశాడు. కండెన్సర్ దగ్గరి ఒక అతుకులో బుడగలు కనిపించాయి. గట్టిపడి చిట్లిన చిన్న రబ్బరు ఓ-రింగు! దాన్ని మార్చి, అరగంటకు పైగా వాక్యూం పెట్టి, లోపలి గాలిని, తేమను లాగేసి, బానెట్ కింది చీటీలో ఉన్నన్ని గ్రాములే తూచి నింపాడు. రింగు ఖరీదు నేను గ్యాసుకు పోసిన డబ్బులో పదో వంతు కూడా లేదు. కానీ అప్పటికే కంప్రెసర్ గరగరలాడుతోంది. దానికి నూనెను మోసుకొచ్చేది ఆ గ్యాసే. గ్యాసు తగ్గితే నూనె కూడా సరిగా అందదు.

నష్టం నా జేబుతో ఆగలేదు. పాత ఆర్-12 ఓజోన్ పొరకు చేటని 1987 మాంట్రియల్ ఒప్పందం దాని వాడకానికి ముగింపు పలికింది. తరువాత వచ్చిన ఆర్-134ఏ ఓజోన్ జోలికి పోదు గానీ, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1430 రెట్లు ఘాటైనది. అంటే వంద గ్రాములు గాలిలో కలిస్తే 143 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. ఇంచుమించు ఒక క్వింటాలు బొగ్గు తగలబెట్టినట్టు! ఇటువంటి వాయువులను తగ్గించుకుంటూ పోవాలన్న 2016 నాటి కిగాలీ సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. మన కోతలు 2032లో మొదలు కావాలి. చిల్లు వెదకడానికి అందాకా ఆగనక్కరలేదు.

మెకానిక్కునే తప్పు పట్టడం న్యాయం కాదు. పావుగంటలో పని కావాలని తొందరపెట్టేది మనం. పూటంతా పట్టే పరీక్షకు కూలి ఇమ్మంటే ముఖం చిట్లించేదీ మనమే. మనం అడిగిన చల్లదనాన్నే అతను అమ్ముతున్నాడు.

భూగర్భ గనిలో షిఫ్టు మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ పనిస్థలాన్ని తనిఖీ చేస్తాడు, గ్యాసు ఉందేమో చూస్తాడు. ముందు పరీక్ష, ఆ తరువాతే పని. ఆ క్రమశిక్షణ మీద తరతరాలుగా బతుకుతున్న ఊళ్ళు మనవి. గని పైకి రాగానే దాన్ని మరచిపోతే ఎలా? ఈసారి దుకాణానికి వెళ్ళినప్పుడు "గ్యాసు నింపండి" అనకండి, "ఎందుకు తగ్గిందో చూడండి" అనండి. ఆ పూట కూలి సంతోషంగా ఇవ్వండి. కాదంటారా?