తెగించారా? అవును, తెగించాం!

కూలి రేటు పెంచమన్నా, చావిడి దగ్గర కాలు మీద కాలేసుకుని కూచున్నా మనల్ని ఊరి పెద్దలు అనే మాట ఒకటే: "ఈళ్ళు బరితెగించారు." అదే పని పెద్దకులపోడు చేస్తే "గుండెధైర్యం గలోడు" అంటారు. పని ఒకటే, పేర్లు రెండు. ఏ పేరు ఎవరికి పెట్టాలో తేల్చే పెత్తనం ఇన్నాళ్ళూ వాళ్ళదే.

మన పిఠాపురం రాజా పేరు మీద సూర్యరాయాంధ్ర నిఘంటువు వచ్చింది. మొదటి సంపుటం 1936లో అచ్చయింది. పండితులు వేల మాటలకు అర్థాలు రాశారు. తెగింపుకి అర్థం మాత్రం మన పేటల్లో వెతుక్కోవాలి. బిగిసిన తాడు తెగుతుంది. భయం కూడా అలాగే తెగాలి. ధైర్యం ఎవరైనా వచ్చి చెప్పి పోతారు. తెగించాల్సింది మాత్రం మనమే.

కారంచేడులో తాగే నీళ్ళు పాడుచెయ్యొద్దన్నందుకు కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, 1985 జూలై 17న, పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. బతికినోళ్ళు చీరాల చేరి శిబిరం వేసుకున్నారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. బిందె ఎత్తింది ఒక్కతే, నిలబెట్టింది వేలమంది.

మన మండలంలోనే చూడండి. 2025 ఏప్రిల్లో మల్లంలో కరెంటు పనికెళ్ళిన దళితుడు షాక్ కొట్టి చనిపోయాడు. పరిహారం అడిగారు. ఆ తర్వాత తమను వెలేశారనీ, పనికి పిలవొద్దనీ సరుకులివ్వొద్దనీ కట్టడి చేశారనీ దళితులు బయటికొచ్చి చెప్పారు. అధికారులు ఊళ్ళోకి రావాల్సొచ్చింది. నోరు విప్పబట్టే కదా వచ్చారు!

వెలి దెబ్బ పొయ్యి మీద పడుతుంది. రెండ్రోజులు పిల్లలు పస్తుంటే ఎంత తెగించినోడైనా మెత్తబడతాడు. అందుకని కార్యకర్తలకు ఒక మాట: మైకు కట్టే ముందు బియ్యం పోగెయ్యండి. పక్క పేటల్నుంచి ఇంటికో శేరు తెండి. సాంఘిక, ఆర్థిక వెలిని అట్రాసిటీ చట్టం 2015 సవరణతో నేరంగా చేర్చింది. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో రాసిపెట్టి ఫిర్యాదు ఇవ్వండి, కాపీ దగ్గరుంచుకోండి. సాక్షి ఒంటరిగా కోర్టుకెళ్ళకూడదు, పేట కూడా వెళ్ళాలి.

రేపు మళ్ళీ ఎవరన్నా "తెగించార్రా" అంటే తల దించకండి. అవునండీ, భయం తెగింది అని చెప్పండి.

జై భీమ్!