సైనస్ బాధకు ఏమి తినాలి, ఏమి మానాలి?



ముక్కు దిబ్బడ, నుదుటి మీద బరువు, వంగితే తలనొప్పి. ఈ బాధకు ఏమి మానాలని పలువురు అడుగుతూ ఉంటారు. ముందుగా మా ఇంటి సంగతి చెబుతాము.

మా అత్తగారికి ఈ బాధ ఉండేది. ఇరుగుపొరుగు మాట విని మేమే ఆమెచేత పాలు, పెరుగు, అరటిపండు మాన్పించాము. రెండేళ్ళు గడిచినా బాధ తగ్గలేదు గాని ఆమె బాగా చిక్కిపోయారు. చివరికి ఒక డాక్టరుగారు, "చీమిడి ఒక్క పక్కనుండే వస్తుందా? దుర్వాసన ఉందా?" అని అడిగారు. ఔనన్నాము. చూస్తే పై దవడలో పిప్పి పన్ను! ఆ పంటికి వైద్యము చేయించి, మందులు వాడిన తరువాతనే ఆమెకు నెమ్మది కలిగింది.

మన ముఖపు ఎముకలలో నాలుగు జతల గాలి గదులున్నాయి. వాటి సన్నని దారులు వాచి మూసుకుపోతే చీమిడి లోపలే నిలుస్తుంది. ఇది 12 వారాలు దాటితే దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు. పై పళ్ళ వేళ్ళు చెంపలోని గదికి ఆనుకొని ఉంటాయి గనుక పంటి చీము అక్కడికి ప్రాకగలదు.

ఇంటిలో పాటించదగినవి:

1. ఉప్పునీటితో ముక్కు కడుగుకొనుట మంచిది. ఒక నిమిషమైనా తెర్లించి, మూతపెట్టి చల్లార్చిన పావు లీటరు నీటిలో అర టీస్పూను అయొడిన్ కలపని ఉప్పు వేయండి. బావి, చెరువు, కుళాయి నీళ్ళు కాచకుండా ముక్కులో పోయవద్దు. అందులో ఉండే ఒక రకపు అమీబా మెదడుకు చేరితే ప్రాణాపాయము. 2025లో కేరళలో ఇట్టి జబ్బుతో పలువురు మరణించారు.

2. కట్టెల పొయ్యి పొగ, చుట్ట, బీడీ, దోమల చుట్టల పొగకు దూరముగా ఉండండి.

3. వేడి మిరియాల చారు, అల్లం కషాయము తాత్కాలికముగా ముక్కును వదులు చేస్తాయి. పాలు, పెరుగు చీమిడిని పెంచుతాయనుటకు గట్టి ఆధారము లేదు. ఏదైనా తిన్న ప్రతిసారీ బాధ పెరిగితే దానినొక్కదానినే కొన్నాళ్ళు మాని చూడండి.

4. ఆవిరి కొంత హాయినిస్తుంది, జబ్బును మాన్పదు. మరిగే గిన్నెపై పిల్లలను వంచవద్దు. ఒలికితే ఒళ్ళు కాలుతుంది.

5. దిబ్బడ వదిలించే చుక్కలు వరుసగా 5 రోజులకు మించి వాడితే దిబ్బడ తిరిగి ఎక్కువవుతుంది.

కంటి చుట్టూ వాపు, వస్తువులు రెండుగా కనబడుట, తీవ్ర జ్వరము, మెడ బిగుసుకొనుట కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. షుగరు ఉన్నవారు ముఖము తిమ్మిరెక్కినా, ముక్కులో నల్లని చెక్కు కనబడినా ఆలస్యము చేయరాదు. 2021లో బ్లాక్ ఫంగస్ చేసిన నష్టము మనకు తెలిసినదే.

పెద్దల కంచములోనుండి పెరుగు తీసివేయకముందు, ఒకసారి వారి నోరు తెరిపించి పళ్ళు చూడండి. మేము ఆ పని రెండేళ్ళు ఆలస్యముగా చేశాము.